మామ్మ వీణని మళ్ళీ మోగించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

మామ్మగారి మనవరాలు:

అందరికీ నమస్కారమండీ. మాది పార్వతీపురం, ఉద్యోగం వల్ల విశాఖలో ఉంటున్నాం. సంగీతం వినడమే తప్ప నేర్చుకున్నది లేదు. తెలిసినవాళ్ళని అడుగుదామని రాస్తున్నాను. పొడుగయితే ఓపిక పట్టండి.

ఊళ్ళో మా పాత ఇల్లు అమ్మేశారు. సామాన్లు పంచుకున్నప్పుడు మంచాలూ బీరువాలూ ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకెళ్ళారు. అటక మీద పాత నేతచీరలో చుట్టి ఉన్న మా మామ్మ వీణని మాత్రం ఎవరూ అడగలేదు. నేను తెచ్చుకున్నాను. 1951లో మామ్మ పెళ్ళికి ఆవిడ పుట్టింటివాళ్ళు బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేయించి ఇచ్చారట. ఏకాండి వీణ. నాదం పలికే కుండా, తీగలు సాగే పొడుగాటి దండీ అన్నీ ఒకే పనస దుంగలో తొలిచారు, ఎక్కడా అతుకు లేదు.

ఇప్పుడు దాని పరిస్థితి ఇది. తీగని నొక్కి స్వరం పలికించే 24 మెట్లలో అయిదు మైనంలోంచి ఊడిపోయాయి. వాటిని ఎవరో గుడ్డసంచిలో కట్టి కుండకి వేలాడదీశారు. మిగతా మైనం ఎండిన చెరువులా నెరలు విచ్చింది. ఏడు తీగల్లో రెండు తెగాయి, మిగతావి తుప్పు పట్టాయి. ఎడంవైపు సొరబుర్రకి అరచేతంత పెచ్చు ఊడింది. దండి చివర చెక్కిన యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) ముఖానికి ఒక చెవి లేదు. కుండ మీద పసుపు కుంకుమ బొట్లు పొరలు పొరలుగా ఎండిపోయి అలాగే ఉన్నాయి. కుండ అంచు చుట్టూ తెల్లటి పట్టీ ఉంది. దండి కింద గుండుసూది తలంత చిల్లులు నాలుగైదు కనిపించాయి.

ఇక్కడ వాయిద్యాలు బాగుచేసే ఒకాయనకి చూపించాను. మైనం అంతా గీకేసి, మెట్లన్నీ కొత్తవి వేసి, చెక్కకి పాలిష్ కొట్టి కొత్తదానిలా చేసిస్తానన్నాడు. మా బాబాయి మ్యూజియానికి ఇచ్చేయమంటున్నారు. మా పాపకి తొమ్మిదేళ్ళు, అది నేర్చుకుంటానని పేచీ పెడుతోంది.

కొన్నేళ్ళ కిందట ఢిల్లీ వెళ్ళినప్పుడు నేషనల్ మ్యూజియంలో వాయిద్యాల గ్యాలరీ చూశాను. సరోద్ విద్వాంసురాలు శరణ్ రాణి బాక్లీవాల్ ఏళ్ళ తరబడి సేకరించి ఇచ్చినవి. అంత శ్రద్ధగా ఒక మనిషి పోగుచేశారా అనిపించి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. తర్వాత ఇంకోచోట ఒక మ్యూజియంలో ఒక వీణ చూశాను. తీగలు వదులుగా వేలాడుతున్నాయి. గాజు అవతల అది అలా ఉండటం చూస్తే గొంతు పోయిన మనిషిని చూసినట్టయింది. మా మామ్మ వీణ కూడా అలాగే అయిపోతుందా అని భయం.

ఇంకో మాట. మామ్మ పెళ్ళయ్యాక వీణ ముట్టుకోలేదని ఇంట్లో అందరూ అంటారు. నేను పుట్టేసరికి అది అటకెక్కింది. ఆవిడ వాయించగా నేను ఒక్కసారీ వినలేదు.

మోగించాలా, అలాగే ఉంచాలా, ఇచ్చేయాలా? అన్నిటికంటే ముందు, తెలియక చేయకూడని పని ఏదైనా ఉంటే చెప్పండి.

సారణి తీగ:

మోగించండి. నా మాట అదే.

విజయవాడలో ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి వీణ చెబుతున్నాను. మైనం నెరలు విచ్చిందని మీరు బెంగపడక్కర్లేదు. మేళం కట్టించడమంటే ఇంటికి సున్నం వేయించడం లాంటిది, వాయించే వీణకి కొన్నేళ్ళకోసారి తప్పదు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండికి రెండువైపులా గట్లు కట్టి వాటి మీద మెట్లు నిలబెడతారు. ఎండకి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది, వేళ్ళ ఒత్తిడికి మెట్లు కిందికి దిగుతాయి. అప్పుడు శ్రుతి తప్పుతుంది. మళ్ళీ కట్టిస్తాం.

24 మెట్లు స్థిరంగా ఉండే ఈ వీణ తంజావూరులో రఘునాథ నాయకుడి కాలంలో కుదురుకుందని మేం పిల్లలకి చెబుతాం. ఆయన పాలన 1600 నుంచి 1634 వరకు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు. అంతకుముందు రాగాన్ని బట్టి మెట్లు జరుపుకునే వీణలు కూడా ఉండేవి. ఇప్పుడు స్థిరం అంటున్నాం కానీ అడుగున ఉన్నది మైనమే కదా, మళ్ళీ మళ్ళీ కట్టుకోవడానికి వీలుగానే అది చేశారని నాకనిపిస్తుంది.

పాప సంగతి. వీణని మోయక్కర్లేదు, నేల మీద పెట్టుకుని బుర్రని ఎడమ తొడ మీద ఆనించుకోవాలి. ఎడమచెయ్యి మేరువు (మెట్లు మొదలయ్యే చోట తీగలు ఆనే కమ్మి) పక్కన మొదటి మెట్టుదాకా ఇబ్బంది లేకుండా అందితే చాలు, మొదలుపెట్టొచ్చు. నా దగ్గర ఎనిమిదేళ్ళవాళ్ళు ఉన్నారు.

ఒకటి మాత్రం చూడండి. వీణని పక్కకి తిప్పి మేరువు దగ్గర్నుంచి గుర్రం (కుండ మీద తీగల్ని మోసే చిన్న వంతెన) వైపు ఒక కన్ను మూసి చూడండి. దండి తిన్నగా ఉందా, తీగల లాగుడికి వంగిందా? తిన్నగా ఉంటే సగం దిగులు తీరినట్టే. పాలిష్ కొడతానన్న ఆయనకి మాత్రం ఇవ్వకండి. నా శిష్యురాలి వీణకి అలాగే కారు తలుపులా మెరిసేట్టు మందంగా వార్నిష్ పూశారు. నాదం మూసుకుపోయింది, మీటితే చెక్క మాట్లాడటం మానేసింది.

గాజుపెట్టె వెనకాల:

అమ్మా, నేను ముప్ఫయ్యేళ్ళు ఒక మ్యూజియంలో వస్తువుల సంరక్షణ పని చేసి రిటైరయ్యాను. మీరు గాజు ఇవతల నిలబడి చూశారు, నేను అవతల ఉన్నవాణ్ణి. ముందు ఆ వదులు తీగల గురించి చెప్పనివ్వండి. గొంతు పోయిన మనిషి అన్నారు, ఆ మాట నన్ను పట్టుకుంది.

తీగలు బిగించి ఉంటే ఏడూ కలిసి దండిని పగలూ రాత్రీ లాగుతూనే ఉంటాయి. వాయించేవాళ్ళ ఇంట్లో ఎవరో ఒకరు రోజూ చూస్తారు, సర్దుతారు. నిల్వగదిలో యాభయ్యేళ్ళు ఎవరూ వాయించని వీణని అలా వదిలేస్తే దండి వంగుతుంది. కుండ, దండి విడిగా చేసిన అతుకు వీణలైతే అతుకు నోరు తెరుస్తుంది. అందుకని వదులు చేస్తాం. పూర్తిగా మాత్రం తీసెయ్యం. గుర్రాన్ని కుండ మీది పలకకి అతికించరు, తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. తీగలన్నీ ఒక్కసారి విప్పేస్తే గుర్రం జారి పడుతుంది, నాలుగేళ్ళ తర్వాత ఏ వీణది ఏ గుర్రమో తెలియదు. కాబట్టి గుర్రం కదలనంత బిగువు ఉంచి మిగతాది వదులుతాం. మీరు చూసిన వీణ గొంతు పోలేదమ్మా, విశ్రాంతిగా ఉంది.

మైనం విషయంలో మాకు ఒక దెబ్బ తగిలింది. నేను చేరిన కొత్తల్లో ఒక ప్రదర్శన కోసం వీణని గాజుపెట్టెలో పెట్టి లోపల రెండు దీపాలు వెలిగించారు. తేనెమైనం పూర్తిగా కరగడానికి 62 డిగ్రీల పైన వేడి కావాలి, కానీ మెత్తబడటానికి అంత అక్కర్లేదు. మూడు వారాల తర్వాత చూస్తే దీపం వైపు మెట్లన్నీ వరి చేను గాలికి ఒరిగినట్టు ఒకపక్కకి వాలిపోయాయి. ఆ వీణకి అంతకుముందు మేళం ఎవరు కట్టారో, ఏ శ్రుతికి కట్టారో ఆ మెట్ల ఎడంలోనే ఉంది. మేం కొలతలు రాసుకోలేదు. పోయింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

అందుకే మీకు చెప్పేది ఇది. ఏం చేసినా చెయ్యండి, ముందు ఉన్నదున్నట్టు రాసుకోండి. పరుపు మీద పాత దుప్పటి పరిచి వీణని పడుకోబెట్టండి. కిటికీ పక్క వెలుతురులో ఫొటోలు తియ్యండి. పైనుంచి, రెండు పక్కల నుంచి, వెనకనుంచి. టేపు పెట్టి మేరువు నుంచి ఒక్కో మెట్టు ఎంత దూరమో మిల్లీమీటర్లలో రాయండి. ఊడిన మెట్లకి మైనంలో గాడి మిగిలే ఉంటుంది, ఆ గాడి నుంచి కొలవండి. ఎక్కడా గీకొద్దు, కడగొద్దు.

అన్నిటికంటే ముఖ్యంగా మెట్ల తలలు చూడండి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. ఉక్కు తీగ ఏళ్ళ తరబడి ఒత్తితే కంచు మెట్టు అరుగుతుంది. ఏ మెట్టు ఎంత అరిగిందో, ఎలా అరిగిందో 1 నుంచి 24 దాకా రాయండి. తీగని పక్కకి లాగి గమకం (స్వరాన్ని ఊపడం) పలికించే చెయ్యి అయితే అరుగుదల మెట్టు మీద వెడల్పుగా, నునుపుగా పరుచుకుంటుంది. తిన్నగా నొక్కే చెయ్యి అయితే సన్నటి గాడి పడుతుంది. నేను చూసిన వీణల్లో ఇది దాదాపు తప్పలేదు. అసలు అరగకపోతే మీ ఇంట్లోవాళ్ళ మాటే నిజం. మెట్లన్నీ కొత్తవి వేస్తానన్న ఆయన అదంతా తీసుకెళ్ళి పాత కంచు కింద అమ్మేస్తాడు, అందుకే ఇంత చెబుతున్నాను.

గుర్రం మీద ఉన్న లోహపు రేకుని ఎవరూ ఆకురాయితో రాయకుండా చూడండి. చూడటానికి చదునుగా ఉంటుంది కానీ దానికి లీలగా ఒంపు ఉంటుంది. తీగ ఆ ఒంపుని తాకుతూ విడుస్తూ కదలడం వల్లే వీణకి ఆ నాదం. సి.వి. రామన్ కలకత్తాలో ఉన్నప్పుడు 1921లో వీణ, తంబూరాల గుర్రాల మీద ఒక పరిశోధన పత్రం రాశారు. మామూలు తీగనైతే, అసలు స్వరంతో పాటు లీలగా పలికే పైస్వరాల్లో కొన్ని, మీటిన చోటుని బట్టి అసలు పలకకూడదు. వీణలో అవి కూడా బలంగా పలుకుతున్నాయని ఆయన గమనించారు, కారణం ఆ వెడల్పాటి ఒంపు గుర్రమే. ఎవరో వడ్రంగి చెవితో, చేత్తో సాధించిన ఒంపు అది. పొరపాటున చదును చేస్తే వీణ మూగబోతుంది.

కుంకుమ బొట్లు తుడవకండి. దసరాల్లో మూలా నక్షత్రం రోజు సరస్వతీ పూజకి పెట్టినవే అయ్యుంటాయి. వాయించని వీణ అయితే బొట్లు పొరలు పొరలుగా ఎందుకు ఉంటాయో ఆలోచించండి. కొబ్బరినూనె రాయొద్దు, చాలామంది రాస్తారు. అది దుమ్ముని పట్టి ఉంచుతుంది, మైనాన్ని కూడా మెత్తబరుస్తుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి, అంతే.

చిల్లుల సంగతి. నల్ల కాగితం ఒకటి వీణ కింద పరిచి నెలరోజులు కదపకుండా ఉంచండి. కాగితం మీద సన్నటి పొడి రాలితే పురుగు ఇంకా ఉన్నట్టు, రాలకపోతే ఎప్పుడో పోయినట్టు. కిరసనాయిలు పోయొద్దు. పొడి రాలితే ఇక్కడ చెప్పండి, అప్పుడు వేరే మాట్లాడదాం. పాలిథిన్ సంచిలో చుట్టకండి, మన కోస్తా తేమకి లోపల బూజు పడుతుంది. నూలుగుడ్డ చాలు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టొద్దు. తేమ ఎక్కువైనా తక్కువైనా ఒకేలా ఉంటే చెక్క అలవాటు పడుతుంది, రోజూ పెరిగి తరిగితేనే పగులుతుంది.

తెల్ల పట్టీని పగిలిన చోట భూతద్దంతో చూడండి. ఏనుగు దంతం అయితే అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటుతున్న సన్నటి గీతలు వలలా కనిపిస్తాయి. ప్లాస్టిక్ అయితే ఏ గీతలూ ఉండవు. దుప్పికొమ్ము కూడా వాడేవారు. సూది కాల్చి గుచ్చి చూడమని ఎవరైనా అంటే వినొద్దు. దంతం గానీ కొమ్ము గానీ అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, అమ్మడం నేరం. ఎవరికైనా ఇచ్చేముందు అటవీశాఖ వాళ్ళని అడగాలి.

ఇక మ్యూజియానికి ఇవ్వడం. మీ బాబాయిగారి మాట తీసిపారేసేది కాదు. కానీ మ్యూజియానికి కావలసింది చెక్క ఒక్కటే కాదమ్మా, దానితో వచ్చే కబురు. బెంగాల్లో శౌరీంద్రమోహన్ ఠాగూర్ అని ఒక సంగీత పండితుడుండేవారు. 1876లో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌కి సుమారు వంద భారతీయ వాయిద్యాలు పంపారు. బ్రస్సెల్స్ వాయిద్యాల మ్యూజియానికి అవి పునాదిలో రాళ్ళు. నూటయాభయ్యేళ్ళయినా ఇవాళ మనం వాటి గురించి మాట్లాడుకోగలుగుతున్నామంటే ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు అన్నది కాగితం మీద ఉండబట్టే. నా ఉద్యోగంలో 'వీణ, చెక్క, దాత తెలియదు' అని ఒక్క వరుస రాసి ఉన్న వాయిద్యాలు ఎన్నో చూశాను. అవి నిల్వగదిలోనే ఉండిపోతాయి, వాటి గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు.

నన్నడిగితే మీ వీణ మోగించదగ్గదే. మైనం కరిగించి మళ్ళీ కట్టొచ్చు. చెక్క మీది పాత పూత గీకేస్తే మళ్ళీ రాదు, అరిగిన మెట్టు పారేస్తే మళ్ళీ రాదు. తిరిగి తెచ్చుకోగలిగినది మార్చండి, తెచ్చుకోలేనిది ముట్టుకోకండి. తీసినది ప్రతి ముక్కా దాచండి.

నూజివీడు మేళం:

అమ్మా నమస్తే. మేళం కట్టడం నా పని, మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. పెద్దాయన చెప్పినదాంట్లో ఒక్కటీ కాదనను. నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

మేళం కొలబద్దతో కట్టరు. మీరు రాసుకునే కొలతలు ఆ పాత వీణ గుర్తు కోసం ఉంచుకోండి, కట్టేవాడు మాత్రం చెవితోనే కడతాడు. కొత్త తీగ ఎక్కించి శ్రుతి చేసి, మెత్తగా ఉన్న మైనంలో ఒక్కో మెట్టు కూర్చి, మీటి చూసి, వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ పోవాలి. మెట్ల మీద సాగే నాలుగు తీగల్లో మొదటిది సారణి, దానికి కుదిరింది మిగతా మూడు తీగలకీ కుదరాలి. ఎత్తు కూడా చూడాలి, ఒక మెట్టు ఎత్తయితే తర్వాతి మెట్టు మీద తీగ బరబరమంటుంది. తొందరపడే పని కాదు. పక్కన టీవీ మోగుతుంటే నేను చెయ్యి పెట్టను.

పాత మైనం పారెయ్యక్కర్లేదు. కరిగించి గుడ్డలో వడగట్టి కొత్తదాంట్లో కలుపుకుంటాం, పాతది కలిస్తే పట్టు బాగుంటుందని మా నాన్న అనేవాడు. మీకు గుర్తుగా కావాలంటే ఒక ముక్క ముందే తీసి పెట్టుకోండి.

మెట్లు తీసేటప్పుడు కట్టేవాడి పక్కన కూర్చోండి. ప్రతి మెట్టుకీ నంబరు రాసిన చీటీ దారంతో కట్టించండి. గాడి లోతు తక్కువైతే ఆ మెట్టే వాడొచ్చు. కాస్త పక్కకి జరిపి కూర్చితే తీగ గాడి మీద పడదు. లోతు మరీ ఎక్కువైతే ఆ ఒక్కటీ మార్చుకోవాలి, అన్నీ మార్చాలని ఎవరైనా అంటే నమ్మకండి.

బుర్ర సంగతి దిగులొద్దు. సరస్వతి వీణకి బుర్ర ఎక్కువగా ఆనిక కోసమే, నాదం కుండలోంచి వస్తుంది. మర తిప్పి ఊడదీసి, లోపలివైపు నూలుగుడ్డ వజ్రం జిగురుతో (తోలు ఉడికించి తీసే పాతకాలపు జిగురు) అతికిస్తే నిలుస్తుంది. తర్వాత ఎప్పుడైనా తియ్యాలంటే తడి ఆవిరి పడితే వదిలేస్తుంది. డబ్బాలో రెండు రకాలు కలిపి పూసే గట్టి గమ్ములు వద్దు, అవి చెక్కని పట్టుకుని ఊడిరావు. యాళి చెవి కొత్తది చెక్కించొద్దు, అది లేకపోతే వీణకేం లోటు లేదు.

కిన్నెర ఊరు:

నాది నాగర్‌కర్నూల్ దిక్కు. వీణ గురించి నాకెర్క లేదు గని ఒక ముచ్చట జెప్పాలె.

మా దిక్కు 12 మెట్ల కిన్నెర ఉంటది. వెదురు దండె, కింద మూడు బుర్రలు, మైనంల నిలబెట్టిన మెట్లు. ఒకప్పుడు ఊరూరు తిరిగి దాన్ని వాయించుకుంట పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ జెప్పేటోళ్ళు. ఇయ్యాల చేతుల మీద లెక్కపెట్టేంత మంది గూడ లేరు. 2022ల దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చినంక గని శానామందికి కిన్నెర అంటె ఏందో తెల్వలేదు. దాన్ని తీస్కపోయి అద్దాల పెట్టెల వెడితె ఏమైతది? బుర్రలెన్ని, మెట్లెన్ని అని లెక్కపెడతరు. ఆ మెట్ల మీద ఏ కథ నడిచిందో పెట్టె జెప్పదు గదా.

మీ ఇంట్ల నేర్చుకుంట అనే పిల్ల ఉన్నది. గంతకన్న ఏం గావాలె అక్కా. పెద్దాయన చెప్పినట్టు అన్ని రాసిపెట్టుకోండ్రి, పిల్ల చేతికి ఇయ్యుండ్రి.

మామ్మగారి మనవరాలు:

అందరికీ దణ్ణాలు. ఆలస్యంగా రాస్తున్నాను, మ్యూజియం మాస్టారు చెప్పినట్టు నల్ల కాగితం పరిచి నెల ఆగాను. పొడి రాలలేదు. దండి తిన్నగానే ఉంది. తెల్ల పట్టీ పగిలిన చోట భూతద్దంతో చూస్తే వలలాంటి గీతలున్నాయి. అటవీశాఖ కార్యాలయంలో అడగడానికి మా ఆయన వచ్చే సోమవారం వెళ్తున్నారు. ఎవరికీ ఇవ్వడం లేదు, అమ్మడం లేదు కానీ ఏం చెయ్యాలో తెలుసుకుని ఉంటే మంచిదని.

రెండు ఆదివారాలు కూర్చుని మెట్లన్నీ చూశాను. పాప భూతద్దం పట్టుకుని చెబుతుంటే నేను రాశాను. అరిగాయండీ! బాగా అరిగాయి. కానీ అన్నీ ఒకేలా లేవు. 1, 4, 5, 7, 8, 12 మెట్లకి సన్నటి లోతైన గాడి ఉంది. 11కి ఉంది కానీ వాటికంటే తక్కువ. 4 అన్నిటికంటే లోతు, గోరు పెడితే తగులుతుంది. 2, 3, 9, 10 మీద గాడి కనిపించీ కనిపించకుండా ఉంది, అయితే వెడల్పుగా నునుపు తేలి ఉన్నాయి. 6 దాదాపు కొత్తదిలా ఉంది. 13 నుంచి పైవి కూడా కొద్దిగా నునుపు తేలాయి, గాళ్ళు మాత్రం లేవు.

ఊడిన అయిదింట్లో 4, 5 ఉన్నాయి. మైనంలో గాళ్ళని బట్టి ఏది ఎక్కడిదో పాపే కనిపెట్టింది. దీనికి అర్థం ఏమిటో నాకు తెలియలేదు. సంగీతం తెలిసినవాళ్ళు చెప్పాలి.

సారణి తీగ:

చదవగానే నాకు కళ్ళు చెమర్చాయి. చెబుతాను వినండి.

సారణి తీగ విడిగా మీటితే షడ్జమం. 1వ మెట్టు శుద్ధ రిషభం, 4 అంతర గాంధారం, 5 శుద్ధ మధ్యమం, 7 పంచమం, 8 శుద్ధ ధైవతం, 11 కాకలి నిషాదం, 12 పై షడ్జమం. ఇవన్నీ కలిపితే మాయామాళవగౌళ. వీణ పట్టిన ప్రతి పిల్లా మొదట వాయించే రాగం. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అన్నీ ఆ మెట్ల మీదే. అవి అయ్యాక పిళ్ళారి గీతాలు, అంటే మలహరి రాగంలో మొదట నేర్పే చిన్న పాటలు. మలహరిలో నిషాదం లేదు. మీ 11వ మెట్టు తక్కువ అరగడానికి కారణం అదే అయ్యుండాలి.

సన్నటి లోతైన గాడి అన్నారు చూశారా, అది నేర్చుకునే పిల్లల చెయ్యి. గమకం రాదు, నొప్పెడుతున్నా బలంగా తిన్నగా నొక్కుతారు. నా దగ్గర పిల్లలు వాయించే వీణ తీసి చూశాను, అచ్చం అవే మెట్లు, అలాంటి గాళ్ళే. కానీ ఒక్క పిల్ల నేర్చుకుంటే మెట్టు అంత అరగదు. ఒక పిల్లకి ఆ పాఠాలు ఏడాదిలోనో రెండేళ్ళలోనో అయిపోతాయి, ముందుకి వెళ్ళిపోతుంది. గోరు తగిలేంత గాడి పడాలంటే ఒకరి తర్వాత ఒకరు, ఏళ్ళ తరబడి అవే పాఠాలు ఈ వీణ మీద వాయించి ఉండాలి.

2, 3, 9, 10 మీద వెడల్పు నునుపు ఉందన్నారు. అది పెద్ద చెయ్యి. 2, 3, 5, 7, 9, 10 అంటే ఖరహరప్రియ రాగ కుటుంబపు స్వరాలు. గమకంతో వాయించిన మనిషి.

మీ మామ్మగారు పాఠాలు చెప్పారమ్మా. చెప్పి, పిల్లలు వెళ్ళాక తనూ వాయించుకున్నారు.

గాజుపెట్టె వెనకాల:

సారణి గారూ, నేను గాడి చూడగలను గానీ ఏ రాగమో చెప్పలేను. మలహరి మాట నాకు తట్టేది కాదు. ఇది ఇద్దరూ కలిస్తేనే బయటపడింది.

అమ్మాయ్, ఈ వివరమంతా తేదీ వేసి కాగితం మీద రాసి, ఒక ప్రతి వీణ పెట్టెలో, ఇంకోటి విడిగా ఉంచు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే అడుగు, ఆలస్యం చెయ్యకు.

మామ్మగారి మనవరాలు:

మా పెద్దత్తకి డెబ్బై దాటాయి, రాజాంలో ఉంటుంది. ఫోన్ చేసి 'మామ్మ ఎవరికైనా వీణ చెప్పేదా' అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, 'మీ తాతయ్య తాలూకా కచేరీకి వెళ్ళాక మధ్యాహ్నం వీధి తలుపు వేసి పెరటి వసారాలో చెప్పేది. పక్క వీధుల ఆడపిల్లలు ముగ్గురు నలుగురు పెరటి దారిన వచ్చేవారు. మేష్టారికి తెలిస్తే ఊరుకోరని ఎవరికీ చెప్పొద్దనేది. నేనూ కొన్నాళ్ళు నేర్చుకున్నాను, లంబోదర గీతం దాకా.' మేష్టారు అంటే మా తాతయ్యే, బడి వదిలి తర్వాత తాలూకా కచేరీలో చేరినా ఆ పిలుపు పోలేదు.

అత్త పాడింది కూడా, ఫోన్లోనే. గొంతు వణికింది కానీ ఒక్క చోటా తడుముకోలేదు. పాప రికార్డు చేసింది.

నూజివీడు మేళం గారూ, మీరు చెప్పిన పద్ధతిలో మా దగ్గర్లోనే కట్టే ఒక పెద్దాయన దొరికారు. కనుము వెళ్ళాక మొదలుపెడతామన్నారు. పాలిష్ లేదు, కుంకుమ బొట్లు అలాగే ఉంటాయి. మెట్లన్నీ అవే, పక్కకి జరిపి కూర్చుతారట. 4వది మాత్రం ఇక పనికిరాదన్నారు, కొత్తది పోయిస్తున్నారు. పాతది చీటీ కట్టి స్టీలు డబ్బాలో పెట్టాను. అత్త ఒకసారి చూస్తానంది, సంక్రాంతికి రాజాం తీసుకెళ్తున్నాం.